కదలకండిగారు నీళ్ళలో దిగారు

శనివారం పొద్దున స్నానాల గదిలో బకెట్ నిండా నీళ్ళు పట్టి, అడుగున ఒక ప్లాస్టిక్ సంచీ పెట్టి, అది తేలకుండా తలుపుకి అడ్డం పెట్టే రాయిని దాని మీద ఉంచి, కదలకండిగారు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. సంచీలో ఉన్నది మడత పెట్టిన కాగితం రుమాలు ఒక్కటే.

"ఏమండీ, గుడ్లు పొదుగుతున్నారా?" అంది ఆయన భార్య గుమ్మంలోంచి. "నాకా బకెట్ కావాలి. బట్టలు నానబెట్టాలి."

"ఇంకాసేపు. లీకుందేమో చూస్తున్నా."

"అలా గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటే లీకున్నా సిగ్గుపడి మానేస్తుంది. లేవండి."

ఆయన లేవలేదు. తనివితీరా చూశాక సంచీ బయటికి తీసి, తువ్వాలుతో తుడిచి, మూత దగ్గరి మడతలు విప్పి, రుమాలు లాగి చెంపకి ఆనించుకున్నారు. పొడిగా ఉంది. అప్పుడు గానీ బకెట్ భార్యకి ఇవ్వలేదు. రుమాలు తడిస్తే ఇంకో రుమాలు ఉంది. రేపు అదే సంచీలోకి వెళ్ళబోయే కెమెరా తడిస్తే ఇంకో కెమెరా లేదు.

కదలకండి అనేది ఆయన పేరు కాదు, ఆయన నోటి మాట. పాస్‌పోర్టు ఆఫీసు ఎదురు వీధిలో, జిరాక్స్ షాపుకీ తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఆయన ఫోటో స్టూడియో. ఒకటే గది. ఎత్తు తగ్గించి పెంచే స్టూలు, గోడకి తెల్లగుడ్డ, రెండు గొడుగు దీపాలు, అద్దం కింద ఎవరూ పట్టుకుపోకుండా తాడుతో కట్టేసిన దువ్వెన. కోటు లేనివాళ్ళ కోసం ఒక నల్లకోటు ఉంది. దానికి ముందు భాగమే ఉంటుంది. వెనక బట్టలారేసుకునే క్లిప్పులు. అందులో ఫోటో దిగిన వాళ్ళలో బ్యాంకు మేనేజర్లయిన వాళ్ళూ ఉన్నారు.

"గడ్డం పైకి. చెవులు కనపడాలి. నవ్వకండి. కదలకండి." ఈ నాలుగు మాటల మీదే ఆయన ఇల్లు కట్టారు, కూతురి పెళ్ళి చేశారు. వీధిలో పెద్దవాళ్ళకి కదలకండిగారు, పిల్లలకి కదలకండి మామయ్య. అసలు పేరు రేషన్ కార్డులో క్షేమంగా ఉంది.

కిందటేడు పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు కౌంటర్లోనే కెమెరా బిగించుకున్నారు. ఫోటో పట్టుకుని రానక్కర్లేదన్నారు. దాంతో ఎదురు వీధి ఎండిపోయింది. జిరాక్స్ షాపువాడికి ఇంకా కాగితాలున్నాయి. తాళాలవాడికి జనం మతిమరుపు ఉంది. ఈయనకి మాత్రం రోజంతా దీపాల మీద దుమ్ము తుడవడమే మిగిలింది.

ఇలాంటప్పుడు ఆదుకోవడానికి ముందుకొచ్చినవాడు వియ్యంకుడు, కూతురి మామగారు. ఆయనకి సిమెంటు కొట్టుంది. మంచివాడు. చిక్కల్లా అక్కడే. చెడ్డవాడయితే కాదనడం తేలిక.

"బావగారూ, మీరేం మోయక్కర్లేదు, ఎత్తక్కర్లేదు. గల్లాపెట్టె దగ్గర నమ్మకమైన మనిషి కావాలి. ఊరికే కూర్చోండి, అంతే" అన్నాడు. నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమన్నాడు.

ఊరికే కూర్చోవడమే కదలకండిగారికి గొంతులో ముల్లయింది. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళని కూర్చోబెట్టిన మనిషి. పైగా వియ్యంకుడి దగ్గర జీతం. రేపు కూతురింటికి భోజనానికి వెళితే, రెండోసారి వడ్డించుకోవాలన్నా ముందు యజమాని మొహం చూడాలి. ఈ మాట ఆయన భార్యతో తప్ప ఎవరితోనూ అనలేదు. ఆవిడ తన తమ్ముడితో అంది.

తమ్ముడికి ఒక పడవ ఉంది. జనాన్ని ఎక్కించుకుని, తీరానికి కొంచెం దూరంలో పగడపు దిబ్బల దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళ మీద బోర్లా పడుకోబెడతాడు. కళ్ళకీ ముక్కుకీ కలిపి అద్దాల ముసుగు, నోట్లో గాలి గొట్టం, కాళ్ళకి బాతు పాదాలు. అలా తేలుతూ కింద తిరిగే చేపల్ని చూడటమే స్నార్కెలింగ్. పడవవాళ్ళు దాన్ని బోర్లా ఈత అంటారు. వచ్చినవాళ్ళకి చేపలు చూసినంత మాత్రాన తృప్తి ఉండదు, చూసినట్టు ఫోటో కావాలి. ఆ పని చేసే కుర్రవాడు తన నీటి కెమెరాతో సహా పక్క పడవకి మారిపోయాడు. అలాంటి కెమెరా కొనాలంటే పడవ అమ్మాలి. పడవ అమ్మేశాక ఫోటోలెవరికి?

కదలకండిగారి దగ్గర జేబులో పట్టే చిన్న కెమెరా ఒకటుంది. దానికి సరిపోయే వాటర్‌ప్రూఫ్ పౌచ్ వెతికి తెచ్చుకున్నారు. మెత్తటి ప్లాస్టిక్ సంచీ, లెన్సు ముందుకి జరగడానికి వీలుగా గాజు మూత ఉన్న చిన్న గొట్టం, నోటి దగ్గర మూడు మడతలు పెట్టి నొక్కే పట్టీ, మణికట్టుకి తగిలించుకునే తాడు. ఈతంటారా, అది ఆయనకి నడకతో పాటే వచ్చింది.

"బావా, రెండు ఆదివారాలు చూద్దాం" అన్నాడు బావమరిది. "బాగుంటే సీజనంతా నీదే, వారానికి నాలుగు రోజులు. బాగోలేదనుకో, వేరేవాణ్ణి చూసుకుంటా. అప్పుడు అక్కని నా మీదికి ఉసిగొల్పకూడదు."

"మీ అక్కని ఉసిగొల్పాలా? తనంతట తనే వస్తుంది."

మొదటి ఆదివారం పడవలో ఒక చిన్న కుటుంబం, కొందరు కాలేజీ స్నేహితులు ఉన్నారు. ఎండ చుర్రుమంటోంది. దిబ్బ దగ్గర లంగరు వేయగానే కదలకండిగారు కెమెరా బయటికి తీసి, ఎప్పటిలాగే లెన్సు శుభ్రం చేసి, పౌచ్‌లో పెట్టి, మడతలు మడిచి, పట్టీ నొక్కి, తాడు మణికట్టుకి వేసుకుని నీళ్ళలోకి దిగారు. కింద రంగురంగుల చేపలు, పైన రంగురంగుల నిక్కర్లు. ప్లాస్టిక్ మీంచి మీట నొక్కడం బొంతలో చేతులు దూర్చి సూదిలో దారం ఎక్కించినట్టుంది. అయినా పట్టు వదల్లేదు. నొక్కుతూనే ఉన్నారు.

పైకొచ్చి, తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని కెమెరా తెర చూశారు. మొదటి ఫోటోలో మంచు. రెండోదాంట్లో మంచు. మూడోదాంట్లో మంచులో ఒక మోకాలు.

కుటుంబ యజమాని ఆశగా భుజం మీంచి తొంగి చూశాడు. "ఇదుగో, ఇది మా పాపేనాండీ?"

"కాదు సార్. అది చేప" అన్నాడు బావమరిది.

ఆ మనిషి మర్యాదస్తుడు. బాగుందనే అన్నాడు. ఫోటో మాత్రం అడగలేదు. తీరానికి తిరిగొచ్చాక, పడవ కట్టేసే దగ్గర బావమరిది అన్నాడు: "బావా, సముద్రంలోకి దింపితే మబ్బుల్ని పట్టుకొచ్చావే!"

"పౌచ్‌లో లీకుందిరా."

"ఉంటే కెమెరా తడిసేది కదా?"

నిజమే. కెమెరా పొడిగానే ఉంది. గాజు లోపలివైపున మాత్రం సన్నటి తేమ. ఇంటికొచ్చి మళ్ళీ బకెట్, మళ్ళీ రాయి, మళ్ళీ కాగితం రుమాలు. రుమాలు పొడిగానే వచ్చింది. లీకు దొరికితే అతికేవారు. లేని లీకుని ఎవరు అతుకుతారు?

బుధవారం వియ్యంకుడి ఫోన్. "బావగారూ, మీ కుర్చీ వచ్చేసింది. చక్రాలున్నాయి. కూర్చునే ఎటంటే అటు తిరగొచ్చు."

"ఆదివారం సాయంత్రం చెప్తాను బావగారూ" అన్నారు కదలకండిగారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే భార్యకి ఒళ్ళు మండింది.

"ఆ రోజు పడవలో ఏం చేశారో నా కళ్ళ ముందు చేసి చూపించండి. మొదట్నించీ."

"చూస్తే నీకేం తెలుస్తుందే?"

"తెలియకపోతే మీతో సమానం. చేయండి."

ఆయన కెమెరా తీశారు. లెన్సు తుడిచారు. పౌచ్‌లో పెట్టబోయారు.

"ఆగండి. తుడవక ముందు ఏం చేశారు?"

"ఏం చేశాను? ఏం లేదు."

"హా అని ఊదారు."

"నేనా? ఎందుకూదుతాను? లెన్సు మీద ఎవరైనా ఊదుతారా?"

"మళ్ళీ చేయండి."

ఆయన విసుగ్గా మళ్ళీ కెమెరా అందుకుని, "లేనిపోని నిందలు వేస్తే..." అంటూనే దాన్ని నోటి దగ్గరికి తెచ్చి, హా అని ఊది, జేబురుమాలుతో తుడిచారు. భార్య నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. ఆయనకి ఇంకా అర్థం కాలేదు. మూడోసారి కెమెరా నోటి దాకా వెళ్ళాక, తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయారు.

"ఓరి నాయనో" అన్నారు చివరికి. "ఇది ఎప్పట్నించి?"

"పెళ్ళయిన దగ్గర్నించీ చూస్తున్నా. కళ్ళజోడు మీద ఊదుతారు, గడియారం మీద ఊదుతారు. మొన్న మనవడి బుగ్గ మీద మరక తుడవడానికి కూడా ఊదారు. అన్నం వేడివేడిగా డబ్బాలో సర్ది మూత బిగిస్తే, మూత లోపల నీళ్ళు కారవూ? మీరూ అదే చేశారు. ఎండలో మాడిన కెమెరాకి మీ ఊపిరి కూడా పట్టించి, సంచీలో కట్టేసి, తీసుకెళ్ళి చల్లటి నీళ్ళలో ముంచారు. అది చెమర్చింది. పాపం, నేనైనా చెమరుస్తాను."

స్టూడియోలో ఊదితే ఏమీ కాదు. తుడిచేస్తే పోతుంది, ఆరిపోతుంది. మూత బిగించిన సంచీలో ఊపిరికి పోయే దారి లేదు. అంత చిన్న సంగతి తట్టనందుకు ఆయనకి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ఆకలేసింది. చల్లారిన అన్నమే మారు వడ్డించుకుని తిన్నారు.

రెండో ఆదివారం కెమెరాని పౌచ్‌లో సర్దే పని పడవలో పెట్టుకోలేదు. తెల్లారగానే, ఇంట్లో గాలి ఇంకా చల్లగా ఉండగానే, కిటికీ పక్కన మొదలుపెట్టారు. చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లాలు భార్య ఎప్పట్నించో బీరువాలో దాచింది, పారేయడానికి మనసొప్పక. వాటిలో రెండు పౌచ్ మూలల్లో దూర్చారు. అలవాటుని నమ్మకుండా మూతి చుట్టూ తువ్వాలు కట్టుకున్నారు. అప్పుడే అటుగా వచ్చిన బావమరిది గుమ్మంలో ఆగిపోయాడు.

"అక్కా, ఇంట్లో దొంగ!"

"దొంగ కాదురా, మీ బావే. దొంగయితే ఇంత ఆలస్యం చెయ్యడు."

పౌచ్‌ని తడిగుడ్డ చుట్టిన డబ్బాలో పెట్టి, పడవలో నీడపట్టున ఉంచారు. మళ్ళీ పౌచ్ మడతలు విప్పలేదు.

ఆ రోజు ఎక్కినవాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళు. ఒకే టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి, ఒకరి తర్వాత ఒకరు రిటైరైనవాళ్ళు. వాళ్ళలో పొడుగాటావిణ్ణి మిగతావాళ్ళు ఇప్పటికీ సూపర్‌వైజర్ అనే పిలుస్తున్నారు. ఆవిడ కూడా అలాగే పలుకుతోంది.

నీళ్ళలో దిగి కదలకండిగారు ముందు గాజు వంక చూశారు. మంచు లేదు. గుండె కుదుటపడింది. తల ఎత్తి చుట్టూ చూశాక మళ్ళీ జారింది. ఆరు వీపులు తేలుతున్నాయి. కిందికి మునిగి చూస్తే ఆరు ముసుగులు, ఆరు గొట్టాలు. ఎవరు ఎవరో కన్నతల్లి కూడా చెప్పలేదు. ఈ ఫోటో ఎవరిదని అడిగితే ఏం చెప్తారు? ఎన్నో వేల మొహాలు తీసిన మనిషికి మొహం లేని ఫోటో తీయడానికి చెయ్యి రాలేదు.

దిబ్బ పక్కనే తెల్లటి ఇసుక మేట ఉంది. నడుము లోతు నీళ్ళు. కదలకండిగారు అక్కడ నిలబడి చేతులూపారు.

"అమ్మా, ఒక్కొక్కరే ఇటు రండి. జుట్టు వెనక్కి కట్టుకోండి, చెవులు కనపడాలి. గొట్టం నోట్లోంచి తీసేయండి. ఊపిరి బిగబట్టి నీళ్ళలో కూర్చోండి. గడ్డం పైకి. పైకెత్తితేనే ముసుగులోకి వెలుతురు వస్తుంది, కళ్ళు కనపడతాయి. నవ్వకండి. కదలకండి."

పడవ మీంచి బావమరిది తల పట్టుకున్నాడు. "బావా! వాళ్ళొచ్చింది చేపల్ని చూడ్డానికి! వీసాకి కాదు!"

"నువ్వుండవయ్యా" అంది సూపర్‌వైజర్. "ఏమర్రా, వరసలో నిలబడండి. ముందు ఎవరు?"

ముందు వచ్చినావిడ పొట్టిగా, బొద్దుగా ఉంది. ముక్కు పట్టుకోబోయి, ముసుగు ఉందని గుర్తొచ్చి, గుటుక్కున కూర్చుంది. కదలకండిగారు ఎదురుగా మునిగారు. కళ్ళజోడు లేక తెర అలికినట్టుంది. కానీ స్టూలుకీ తనకీ ఉండాల్సిన దూరం ఆయన చేతులకి తెలుసు. అంతా కుదిరాక, ఉన్నది నీళ్ళలో అన్న సంగతి మర్చిపోయి, తన నోట్లోని గొట్టంలోంచి "కదలకండి" అన్నారు. బుడబుడమని బుడగలు లేచాయి. ఆవిడ ఆపుకోలేక నవ్వింది. నవ్వగానే బుగ్గలు ఉబ్బి, ముసుగు అంచు లేచి, లోపలికి నీళ్ళు జొరబడ్డాయి. దగ్గుకుంటూ పైకి లేచింది.

"అందుకే చెప్పానమ్మా, నవ్వొద్దని. నవ్వితే ముసుగులోకి నీళ్ళొస్తాయి."

"మీరు మాట్లాడకపోతే నేను నవ్వను. మీరు మాట్లాడారో, నా పూచీ లేదు."

అక్కణ్ణించి ఆయన మాట మానేసి, తన గడ్డం కింద వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారు. ఆరుగురూ వరసగా కూర్చున్నారు, లేచారు. బాగోలేదేమోనని సూపర్‌వైజర్ రెండోసారి కూడా కూర్చుంది.

పడవెక్కాక ఆయన ముందు చేతులు తుడుచుకున్నారు. తర్వాత పౌచ్ తుడిచారు. మడతలు నెమ్మదిగా విప్పి, కెమెరా తీసి, కళ్ళజోడు పెట్టుకున్నారు. బావమరిది ఇంజను మీద చెయ్యి వేసి, దాన్ని తిప్పకుండా చూస్తున్నాడు.

మంచు లేదు. వెనక తెల్లటి ఇసుక, స్టూడియోలో గుడ్డ పరిచినట్టు. మధ్యలో నిటారుగా ఒక మొహం. రెండు చెవులూ ఉన్నాయి. ముసుగు అద్దం వెనక కళ్ళు పెద్దవై మెరుస్తున్నాయి. ఒక మూలన పసుప్పచ్చ చేప ఒకటి, తన వంతు కోసం వచ్చినట్టు, సగం దూరి ఉంది.

బావమరిది తెర మీద ఆరూ తిప్పి చూశాడు. "బావా, ఇవి పాస్‌పోర్టు ఫోటోలే. తడిసినవి."

వాడన్నది అబద్ధం కాదు. కదలకండిగారి కళ్ళ ముందు చక్రాల కుర్చీ ఒక చుట్టు తిరిగింది.

"ఏదీ, ఇటివ్వు" అని సూపర్‌వైజర్ కెమెరా లాక్కుంది. తనది దొరికేదాకా తిప్పింది. దొరికాక చాలాసేపు చూసింది. "ఇది నేనేనే!" అంది పక్కావిడతో.

"నువ్వే. ఎవర్నో తిట్టబోతున్నట్టు ఉన్నావు."

"అదేనే చెప్తున్నా, అచ్చం నేనే. పోయినేడు మా చెల్లెలితో వేరే చోటికి వెళ్ళి తీయించుకుంటే, మా మనవరాలికి కాళ్ళు చూపించి అవి నావని చెప్పాల్సొచ్చింది. అది నమ్మలేదు." ఆవిడ బావమరిది వైపు తిరిగింది. "నాకిది పెద్ద సైజులో కావాలి. హాల్లో పెడతాను."

"నాకు రెండు" అంది పొట్టావిడ. "మా కోడలికి ఒకటి పంపాలి. నేను నీళ్ళలో దిగలేనని పందెం కాసింది."

ఆరుగురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. బావమరిది వ్యాపారస్తుడు. గాలి ఎటు వీస్తే తెరచాప అటు తిప్పడం వాడికి ఒకరు నేర్పక్కర్లేదు. ఇంజను తిప్పుతూ, అరుపుల మధ్య వినపడేలా అన్నాడు: "బావా, సీజను నీది. కానీ మధ్యమధ్యలో చేపల్ని కూడా తియ్యి."

"కదలకుండా ఉంటే తీస్తా."

ఆ సాయంత్రం వియ్యంకుడికి ఫోన్ చేశారు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చారు గానీ, అవతల మంచివాడి గొంతు వినపడగానే అన్నీ మర్చిపోయారు.

"బావగారూ, ఆ కుర్చీలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టండి."

"ఏం, మెత్తగా ఉండదని అనుమానమా?"

"అది కాదండీ. నాకు సముద్రంలో పని దొరికింది. నీళ్ళలో ఫోటోలు తీయాలి."

వియ్యంకుడు నొచ్చుకున్నాడేమోనని కదలకండిగారు ఊపిరి బిగబట్టారు.

"మా ఆవిడ పక్కనే ఉంది" అన్నాడు వియ్యంకుడు గొంతు తగ్గించి. "ఆవిడకి నీళ్ళంటే భయం. ఎంత లోతుంటుందేమిటి?"

"ఫోటో తీసే చోట నడుము దాకానే."

"కూర్చుంటే?"

"కూర్చుంటే మునుగుతాం బావగారూ. మునిగితేనే ఫోటో."

ఫోన్ అటు చేతులు మారింది, గుసగుసలు వినపడ్డాయి, మళ్ళీ మొదటి చేతికే వచ్చింది. ఇద్దరికి చోటు ఉంచమన్నాడు వియ్యంకుడు.

వచ్చే ఆదివారం పడవలో పదకొండు మంది. స్టూడియో మిగతా మూడు రోజులూ తెరిచే ఉంటుంది.